ముందు ఇటుకను నీళ్ళలో వేసి చూడండి

మీరు అడిగింది ఇదీ: మా ఊరి ప్రాథమిక పాఠశాలకు రెండు గదులు, దాని పక్కనే మా యువజన సంఘం తరఫున పిల్లలు కూర్చుని చదువుకోవడానికి ఒక హాలు కట్టించాలి, పంచాయతీ నిధులు అడగాలా, ఎంపీ నిధులు అడగాలా, ముందు ఎవరిని కలవాలి అని.

చెప్తాను. కానీ నిధుల సంగతి చివర్లో చెప్తాను. ఇవాళ కాకపోతే రేపు ఏదో ఒక పద్దు కింద డబ్బు వస్తుంది. ఆ డబ్బు ఎవరి చేతుల మీదుగా ఖర్చవుతుందో, కట్టేటప్పుడు అక్కడ ఎవరు నిలబడతారో అది ముందు తేల్చుకోండి. నేను ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టుకునే మనిషిని. 2019 నుంచి రెండేళ్ళు మా బడి తల్లిదండ్రుల కమిటీలో ఉన్నాను. బడికి వచ్చిన సిమెంటు బస్తాల లెక్క ఇప్పటికీ నా నోటుపుస్తకంలో ఉంది.

మాది ప్రకాశం జిల్లా పడమటి వైపు మెట్ట ఊరు. నీళ్ళు తక్కువ, ఉన్న నీళ్ళలో ఫ్లోరైడు. మా బళ్ళో అంతకు ముందు కూడా మరుగుదొడ్లు ఉన్నాయి. ఎవరో కాంట్రాక్టరు కట్టి బిల్లు తీసుకుని వెళ్ళిపోయాడు. ఎంత ఖర్చయిందో గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు గానీ నీళ్ళ పైపు వెయ్యలేదు. రేకు తలుపులు కింద తుప్పుపట్టి ఊడిపోయాయి. మా చిన్నమ్మాయి అప్పుడు మూడో తరగతి. పొద్దున నిండుగా పట్టుకెళ్ళిన నీళ్ళ సీసాను సాయంత్రం నిండుగానే తెచ్చేది. ఎందుకే తాగలేదు అని అడిగితే "తాగితే వస్తుందమ్మా" అనేది. ఎనిమిదేళ్ళ పిల్ల వేసవిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గొంతు ఎండబెట్టుకుని కూర్చునేది. అదే ఏడాది రికార్డుల్లో చూస్తే మా బడికి మరుగుదొడ్లు ఉన్నట్టే లెక్క.

అందుకే 2019లో తల్లిదండ్రుల కమిటీకి ఎన్నిక జరిగినప్పుడు నేను చెయ్యెత్తాను. ఆ నవంబరు 14న ఒంగోలులో ప్రభుత్వ బళ్ళు బాగుచేసే రాష్ట్ర పథకం నాడు-నేడు మొదలైంది. మొదటి విడతలో రాష్ట్రం మొత్తం మీద 15 వేలకు పైగా బళ్ళు తీసుకున్నారు, అందులో మాదీ ఉంది. తొమ్మిది రకాల పనులు. వాటిలో మొదటిదే నీళ్ళు వచ్చే మరుగుదొడ్లు. బెంచీలు, బోర్డులు, ఫ్యాన్ల లాంటివి పైనుంచే కొని పంపారు. కట్టుబడి పని మాత్రం కాంట్రాక్టరుకు కాకుండా తల్లిదండ్రుల కమిటీకి అప్పగించారు. డబ్బు కమిటీ బ్యాంకు ఖాతాలో పడుతుంది, సరుకు మేమే కొనాలి, బిల్లులు హెడ్మాస్టరు గారు ఫోనులోని యాప్‌లో ఎక్కించాలి. ఏ పార్టీ చేసిందన్న గొడవ నాకొద్దు. ఎవరు చేసినా ఆ ఒక్క నిర్ణయం సరైనది. తన పిల్ల వాడబోయే గోడను ఏ తల్లీ పచ్చి ఇటుకతో కట్టనివ్వదు.

పచ్చి ఇటుక అని ఊరికే అనలేదు. అది 2020 ఫిబ్రవరి. పునాది అయిపోయింది, గోడలకు ఇటుక కావాలి. కమిటీ అంతా కూర్చుని, రేటు మాట్లాడి, పక్క మండలంలోని ఒక బట్టీకి చెప్పాం. శాంపిలుగా ఇచ్చిన ఇటుక ఎర్రగా, మూలలు పదునుగా, చక్కగా ఉంది. సరుకు మాత్రం రెండు ట్రాక్టర్లలో చీకటి పడ్డాక వచ్చింది. హెడ్మాస్టరు గారు అప్పటికే బస్సెక్కి వెళ్ళిపోయారు. బడి దగ్గర నేను, మా తోడికోడలు, మేస్త్రి, ముగ్గురమే. సెల్‌ఫోను లైటు వేసి చూస్తే పైవరసలు బాగానే ఉన్నాయి. మేస్త్రి కిందివరస నుంచి రెండు ఇటుకలు లాగి ఒకదానికొకటి కొట్టాడు. బాగా కాలిన ఇటుకైతే కంగుమని మోగుతుంది. ఇది తపుక్కుమంది. గోటితో గీస్తే గీత పడింది, వేలికి మట్టి అంటుకుంది.

"ఇది కాలలేదమ్మా. వానకు నిలవదు" అన్నాడు.

డ్రైవరేమో దించేసి పోతాం, ఏమన్నా ఉంటే రేపు ఓనరుతో మాట్లాడుకోండి అన్నాడు. ఒకసారి దింపారంటే అది మన సరుకే, ఇంక తిరిగి ఎత్తేవాడుండడు. నేను గేటుకు అడ్డంగా నిలబడ్డాను. మా తోడికోడలు వెళ్ళి ఇంకో నలుగురు తల్లుల్ని పిలుచుకొచ్చింది. పావుగంటలో ఫోన్లు మొదలయ్యాయి. బట్టీ ఓనరు ఒకసారి, మా ఊరి పెద్దమనిషి ఒకాయన రెండుసార్లు. "అమ్మాయ్, బాత్రూములకు ఏ ఇటుకైతే ఏముంది, పైన ప్లాస్టరింగు చేస్తారుగా" అన్నాడాయన. నాకు కాళ్ళు వణికాయి. మా ఆయన ఆ సంవత్సరం ఆ పెద్దమనిషి పొలమే కౌలుకు చేస్తున్నాడు. అయినా నోరు ఆగలేదు. "మామయ్యా, ఆ ఇటుకతో మీ ఇంటి గోడ కడతారా" అని అడిగాను. ఆయన ఫోను పెట్టేశాడు.

ట్రాక్టర్లు రాత్రంతా రోడ్డు పక్కనే ఉన్నాయి. ట్రాక్టరులోది ఒక ఇటుక, శాంపిలుది ఒక ఇటుక, రెండూ బకెట్టు నీళ్ళలో వేసి బడి వరండాలో పెట్టాం. నాకు నిద్ర పట్టలేదు. పొద్దున ఆరింటికి వెళ్ళి చూస్తే శాంపిలు ఇటుక వేసింది వేసినట్టే ఉంది. రెండోదానికి అంచులు కరిగిపోయి, బకెట్టు అడుగున ఎర్రటి బురద పేరుకుంది. ఎత్తబోతే మూల విరిగి చేతిలోకొచ్చింది. ఆ బకెట్టునే అలాగే హెడ్మాస్టరు గారికి, గ్రామ సచివాలయంలో కొత్తగా చేరిన ఇంజనీరింగ్ అసిస్టెంటు అబ్బాయికి చూపించాం. తొమ్మిదిన్నరకు ట్రాక్టర్లు వెనక్కి తిరిగాయి. నాలుగు రోజుల తర్వాత మంచి సరుకు వచ్చింది, అదీ పట్టపగలు. ఆ పెద్దమనిషి పొలం కౌలు మాత్రం మా ఆయనకు మరుసటి ఏడు దక్కలేదు. దాని మీద మా ఇంట్లో చాలా రోజులు మాటామాటా అయింది.

మార్చిలో లాక్‌డౌన్ పడింది, పని ఆగింది. మళ్ళీ మొదలయ్యాక గోడలకు నీళ్ళు పట్టడం తల్లులమే వంతులు వేసుకున్నాం. ఎవరి వంతు ఎప్పుడో తరగతి గది బోర్డు మీద సుద్దముక్కతో రాసుకున్నాం. నీళ్ళు కరువైన ఊళ్ళో బిందెలతో మోసి గోడలు తడిపాం. కాంట్రాక్టరు పనుల్లో ఎక్కువగా ఎగ్గొట్టేది ఇదే. సిమెంటు తగ్గిస్తే కంటికి కనపడుతుంది, నీళ్ళు పట్టకపోతే ఎవరికీ కనపడదు, మూడేళ్ళకు పెచ్చులూడినప్పుడు తెలుస్తుంది.

ఇంకొకటి, కొలతల పుస్తకం. దాన్ని ఎంబుక్ అంటారు. ఇంజనీరు వచ్చి టేపు పట్టి ఎంత పని అయిందో అందులో రాస్తాడు, దాన్ని బట్టే డబ్బు. మొదటిసారి ఆయన వచ్చినప్పుడు మాకెవరికీ కబురు లేదు. రెండోసారి నేను ముందే చెప్పించుకుని టేపు రెండో కొస పట్టుకుని నిలబడ్డాను. జాకెట్టు కొలతలు తీసుకునే చేతికి ఇంచీలు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆయన రాసిన ప్రతి అంకె నేనూ నా పుస్తకంలో రాసుకున్నాను. మీ సంఘం కుర్రాళ్ళు ఇది తప్పక చెయ్యండి. మీరు పక్కన ఉంటే ఇంజనీరుకూ మంచిదే, తర్వాత ఎవరూ వేలెత్తి చూపరు.

ఇక నాకు కడుపుమండే విషయాలు. రంగులు, శిలాఫలకాలు. గది సగం కూడా లేవకముందే ఫలకం మీద ఎవరి పేరు ముందుండాలన్న గొడవ మొదలవుతుంది. మా చుట్టుపక్కల ఊళ్ళల్లో కమ్యూనిటీ హాళ్ళు చూడండి, ఫలకం మెరుస్తుంటుంది, తలుపుకు తాళం, లోపల ఎవరివో ధాన్యం బస్తాలు. కట్టడానికి లక్షలు దొరుకుతాయి, ఊడ్చేవాళ్ళకు నెలకు కొంత ఇవ్వడానికి మాత్రం ఏ పద్దూ ఉండదు. మీ హాలుకు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, కరెంటు బిల్లు ఎవరు కడతారు, ఇవి అర్జీ పెట్టకముందే తీర్మానం రాసుకోండి.

పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చిన అమ్మ ఒడి 15 వేలల్లోంచి 2021లో మరుగుదొడ్ల నిర్వహణకని వెయ్యి రూపాయలు పట్టుకున్నప్పుడు మా ఊళ్ళో తల్లులు చాలామంది తిట్టుకున్నారు. నేను మాత్రం సరేనన్నాను, ఇప్పటికీ అదే అంటాను. ఆ డబ్బుతోనే బడికి ఆయాను పెట్టారు, నెలకు ఆరు వేలు. ఆమె రోజూ ఫినాయిలు వేసి కడిగింది కాబట్టే మేము కట్టిన గోడలకు అర్థం వచ్చింది. నా బిడ్డ ఖాళీ సీసాతో ఇంటికి రావడం మొదలుపెట్టింది.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని దగ్గర్లోని హైస్కూలుకు మార్చారు. కొత్త ఫ్యాన్లు, కొత్త బెంచీలు, మేం నీళ్ళు మోసి తడిపిన గోడలు, అన్నీ ఉన్నాయి, పిల్లలు సగానికి పైగా లేరు. ఆ ఉత్తర్వును 2025లో రద్దు చేశారు గానీ ఈలోగా ప్రైవేటు బడి బస్సెక్కడం అలవాటైన పిల్లలు తిరిగి వస్తారా? కాబట్టి గదులు అడిగే ముందు మీ మండల విద్యాధికారి దగ్గర ఒక్క మాట కనుక్కోండి, ఈ బడి ఇంకో పదేళ్ళు ఉంటుందా అని. మొహమాటపడకండి.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. బడి గదులు, సంఘం హాలు, రెండూ ఒకే అర్జీలో కలపకండి. బడి గదులకు బడి కమిటీ తీర్మానం చేసి విద్యాశాఖ ద్వారా వెళ్ళాలి. పంచాయతీకి వచ్చే కేంద్ర ఆర్థిక సంఘం డబ్బులో 15వ సంఘం లెక్క ప్రకారం 2026 మార్చి దాకా 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టిపడేశారు. అంటే బడి మరుగుదొడ్లకు నీళ్ళు, కుళాయిలు, డ్రైనేజీ లాంటివి సర్పంచిని గట్టిగా అడగొచ్చు. ఆ లెక్కలో మిగతా 40 శాతం ఊరి అవసరాలకు వాడుకోవచ్చన్నారు, జీతాలకు వాడకూడదన్నారు. ఏటా అక్టోబరు 2 నుంచి వచ్చే ఏడాది ప్రణాళిక కోసం గ్రామసభలు పెడతారు. మీ పని ఆ ప్రణాళికలో ఎక్కకపోతే సర్పంచి మంచివాడైనా ఏమీ చెయ్యలేడు. ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటులో మీ పంచాయతీ ప్రణాళిక ఎవరైనా చూడొచ్చు, ఈ రాత్రే చూడండి. ప్రహరీ గోడ, వంట షెడ్డు లాంటివి చాలా ఊళ్ళల్లో ఉపాధి హామీ మెటీరియల్ నిధులతో కట్టారు, మండలంలో అభివృద్ధి అధికారిని (ఎంపీడీవోను) అడగండి. సున్నాలు, చిన్న రిపేర్లకు సమగ్ర శిక్ష అనే బడుల పథకం కింద స్కూలు గ్రాంటు ఉంటుంది, పిల్లలు 30 దాటి 100 లోపు ఉంటే ఏడాదికి 25 వేలు.

హాలుకు ఎంపీ నిధులే దారి. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. ఎంపీ సిఫార్సు మాత్రమే చేస్తారు, మంజూరు కలెక్టరు దగ్గర. లెటరు చేతికి రాగానే పని అయిపోయిందని మిఠాయిలు పంచకండి. మా ఊరి మహిళా సంఘాలు 2020 మొదట్లో భవనం కోసం లెటరు తెచ్చుకున్నాయి. ఆ ఏప్రిల్లో కరోనా వల్ల కేంద్రం ఎంపీ నిధులనే ఆపేసింది. 2021 నవంబరులో మళ్ళీ మొదలుపెట్టేసరికి మా అర్జీ ఏ ఫైల్లో ఉందో ఎవరికీ తెలియదు, మళ్ళీ మొదటి నుంచి తిరిగాం. అన్నిటికన్నా ముందు స్థలం. దాత ఎవరో నోటిమాటగా ఇచ్చిన స్థలంలో కట్టకండి. పంచాయతీ పేరున రాయించి, రిజిస్ట్రేషను కాగితం జిరాక్సు అర్జీకి జత చెయ్యండి.

సంఘాన్ని సొసైటీగా రిజిస్టరు చేశారో లేదో మీరు రాయలేదు. చెయ్యకపోతే ఆ పని మొదలుపెట్టండి, బ్యాంకు ఖాతా తెరవండి, సంతకాలు ముగ్గురివి పెట్టండి, అందులో ఒకరు ఆడమనిషి అయితే మంచిది. మీ మండలం ఏదో కింద చెప్పండి. మేము రాసిన తీర్మానం, సరుకు లెక్కలు రాసిన పేజీలు ఫొటో తీసి పెడతాను, చూసి మీకు తగ్గట్టు మార్చుకోండి.