ఎక్మో పెట్టి ఆపరేషన్ అంటే ఆఖరి దశేనా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. 4 నెలల కిందట బైకు ప్రమాదంలో మా తమ్ముడి (34) తలకు దెబ్బ తగిలి, రెండు వారాలు వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఇంటికొచ్చాక ఆయాసం, పిల్లికూతలు మొదలయ్యాయి. ఆస్తమా అంటే ఇన్‌హేలర్ వాడాం, తగ్గలేదు. విశాఖలో స్కాన్ తీసి, శ్వాసనాళం 4 మిల్లీమీటర్లకు ముడుచుకుపోయింది, ఎక్మో పెట్టి ఆపరేషన్ చేయాలన్నారు. ఎక్మో అంటే ఆఖరి దశే కదా అని ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

జవాబు: 2020లో ఎస్పీ బాలు గారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు రోజూ వార్తల్లో విన్న మాట కాబట్టి, ఎక్మో (రక్తాన్ని ఒంటి బయటికి తీసి ఆక్సిజన్ ఎక్కించే మెషీన్) అంటేనే మనవాళ్లు బెదిరిపోతారు. అది కోవిడ్ సంగతి. మీ తమ్ముడికి చిక్కు ఊపిరితిత్తుల్లో కాదు, గాలి వాటిదాకా వెళ్లే దారిలో ఉంది.

వెంటిలేటర్ గొట్టానికి చివర్లో గాలిబుడగ ఉంటుంది. అది ఒత్తుకున్నచోట లోపలి పొరకు రక్తం సరిగా అందక పుండు పడుతుంది. మానేటప్పుడు మచ్చకట్టి బిగుసుకుంటుంది. పెద్దవాళ్లలో 15-20 మిల్లీమీటర్లు ఉండాల్సిన దారి ఇతనికి 4కు వచ్చింది. ఇన్‌హేలర్ ఏం చేస్తుంది పాపం!

అసలు గండం మత్తు ఇచ్చే క్షణంలోనే. మత్తుతో సొంత ఊపిరి ఆగుతుంది. మామూలుగా వేసే గొట్టం ఆ సందులో పట్టదు, మాస్కుతో నెట్టినా గాలి చాలినంత వెళ్లకపోవచ్చు. అందుకే రోగి మెలకువగా ఉండగానే, గజ్జలోనూ మెడలోనూ తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి సిరల్లోకి గొట్టాలు వేస్తారు. గజ్జ నుంచి తీసిన రక్తానికి మెషీన్ ఆక్సిజన్ ఎక్కించి మెడ సిరలోకి పంపుతుంది. ఇక సర్జన్ తొందరపడకుండా ముడుచుకున్న ముక్కను కోసి తీసేసి, రెండు కొసలూ కలిపి కుడతారు. అంతా సవ్యంగా సాగితే ఎక్మో కొన్ని గంటల పనే.

అయితే ఇది అందరికీ అక్కర్లేదు. కొందరికి బ్రాంకోస్కోపీతో (శ్వాసనాళంలోకి కెమెరా గొట్టం వేసి) ముందు దారి వెడల్పు చేసి నెట్టుకురావచ్చు, ఇంకొందరికి ఇరుకు కింద మెడకు రంధ్రం పెట్టొచ్చు. మీ తమ్ముడికి అవి ఎందుకు కుదరవో సర్జన్‌నే అడగండి, అడిగితే తప్పేం లేదు.

నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది తల గాయం గురించి. ఎక్మోలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, దాంతో రక్తస్రావం జరిగే ముప్పు ఉంటుంది. అప్పట్లో మెదడులో రక్తం చేరిందా? పాత స్కాన్లు, డిశ్చార్జి కాగితం తప్పక చూపించండి. మోతాదు, అసలు ఎక్మో పెట్టాలా వద్దా అన్నదీ దాన్నిబట్టే తేలుస్తారు.

కూర్చున్నచోటే కూత వినిపిస్తున్నా, పడుకోలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా ఆపరేషన్ తేదీ దాకా ఆగొద్దు. అప్పుడు రైలెక్కించకండి. ముందు దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లి, అక్కణ్నుంచి ఆక్సిజన్ ఉన్న అంబులెన్సులో విశాఖకు బయల్దేరండి.