వేసవిలో నాటు పెట్టను పొదగేయవచ్చా?

మీ నాటు పెట్ట వారం రోజులుగా గూటిని వదలడం లేదనీ, చేయి పెడితే ఈకలు నిక్కించి పొడుస్తోందనీ రాశారు. ఏప్రిల్ నెలాఖరులో విజయవాడ ఎండలకు గుడ్లు నిలుస్తాయా, దుకాణంలో కొన్న గుడ్లు వేయవచ్చా అని అడిగారు. గుంటూరు శివారులో మా పెరటిలో పన్నెండేళ్లుగా నాటుకోళ్లను పొదిగిస్తున్నాము. వేసవిలోనూ పిల్లలు బాగానే దిగుతాయి. అయితే ఈ కాలంలో గుడ్లు చాలావరకు పెట్ట కిందకు చేరకముందే చెడిపోతాయి, కాబట్టి ముందుగా ఆ సంగతే చెబుతాను.

మొదటి వేసవిలో నేను పదమూడు గుడ్లు వేస్తే నాలుగే పిల్లలు దిగాయి. మిగిలినవి పగలగొట్టి చూస్తే కొన్నింటిలో రక్తపు చారలు మాత్రమే ఉన్నాయి, రెండు పూర్తిగా మురిగిపోయాయి. తప్పు పెట్టదనుకుని దాన్ని అమ్మేయబోయాము. ఆ గుడ్లను ఎక్కడ దాచారని పశువైద్యుడు అడిగినప్పుడు గానీ నాకు విషయం తెలియలేదు. వంటింటి గోడ పక్కన బుట్టలో పది రోజులపాటు పోగుచేశాను. ఇరవై, ఇరవై ఒక్క డిగ్రీల వేడి దాటితే గుడ్డులో పిండం మెల్లగా ఎదగడం మొదలుపెడుతుంది. మన వేసవిలో ఇంటి లోపలే ముప్పై అయిదు డిగ్రీలు ఉంటుంది కనుక, పెట్ట కింద ఉండాల్సిన 37.5 డిగ్రీలు అందక, చల్లగా నిద్రాణంగా ఉండే వీలూ లేక, ఆ పిండం సగం ఎదిగి నీరసించి చచ్చిపోతుంది. అప్పటి నుంచి వేసవిలో నాలుగు రోజులకు మించి పాతబడిన గుడ్డును నేను పొదగేయలేదు. వెడల్పాటి మట్టి మూకుడులో ఇసుక పోసి, దాన్ని తడుపుతూ, పైన పొడి గుడ్డ పరచి, కోసు కిందికి ఉండేలా గుడ్లను నిలబెట్టి, గాలి తగిలే నీడలో ఉంచుతాను. గుడ్లను కడగకూడదు, ఎందుకంటే పెంకు మీద ఉండే సన్నని పొరే క్రిములను లోపలికి రానీయకుండా ఆపుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్లు కూడా పనికిరావు.

దుకాణంలో దొరికే ఫారం గుడ్లు పుంజు లేకుండా పెట్టినవి కనుక ఎన్నాళ్లు పొదిగినా పిల్లలు కావు. వాటికి ఒక్క ఉపయోగం మాత్రం ఉంది. మంచి గుడ్లు సమకూరేదాకా మీ పెట్ట గూడు విడిచిపెట్టకుండా రెండు ఫారం గుడ్లను దాని కింద ఉంచండి. పుంజు తిరిగే ఇంటి నుంచి తాజా నాటు గుడ్లు తెచ్చుకుని, అన్నింటినీ ఒకే సాయంత్రం చీకటి పడ్డాక మార్చండి. కొన్ని ఈ రోజు, కొన్ని రేపు వేస్తే మొదటి పిల్లలు దిగగానే పెట్ట లేచిపోతుంది, వెనకవి వృథా అవుతాయి. కిలోన్నర తూగే పెట్టకు పది, పదకొండు గుడ్లు చాలు. ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో గీత గీయండి. వేరే పెట్టలు అదే తట్టలో గుడ్డు పెట్టిపోతే వెంటనే గుర్తించి తీసేయవచ్చు.

తట్ట ఉంచే చోటు విషయంలో అజాగ్రత్త వద్దు. రేకుల కింద మధ్యాహ్నం వేడికి పెట్ట నోరు తెరిచి రొప్పుతూ లేచిపోతుంది. ఉత్తరం వైపు వరండా గానీ, తాటాకు పాక గానీ మంచిది. వెదురు తట్టలో కాస్త మట్టి పోసి, దాని మీద వరిగడ్డిని గుంటలా పరిస్తే గుడ్లు పక్కలకు దొర్లవు. పొదిగే కోడికి పేలు పడితే ఈకలనూ చర్మాన్నీ కొరుకుతూ దాన్ని కూర్చోనీయవు కాబట్టి, ముందురోజే ఈకల మొదళ్లు విడదీసి చూడండి, పొర్లడానికి దగ్గరలో బూడిద కలిపిన పొడి మట్టి ఉంచండి. అది రోజుకు ఒకసారి పదిహేను, ఇరవై నిమిషాలు లేచి, తిని, నీళ్లు తాగి, పెద్ద రెట్ట వేసి మళ్లీ కూర్చుంటుంది. ఆ కాసేపటికి గుడ్లు చల్లారిపోతాయని కంగారు పడనక్కరలేదు. అసలు లేవని పెట్టలూ ఉంటాయి, వాటిని సాయంత్రం పూట మెల్లగా ఎత్తి మేత దగ్గర వదలాలి.

ఏడో రాత్రి చీకటి గదిలో సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డు ఆనించి చూస్తే, జీవం ఉన్న గుడ్డులో సాలెపురుగు కాళ్లలా రక్తనాళాలు కనిపిస్తాయి. తేటగా కనిపించేవి తీసేయండి. పద్దెనిమిదో రోజు దాటాక ముట్టుకోకండి. మా అమ్మమ్మ, ఉరుములకు గుడ్లు మురుగుతాయని తట్టలో ఒక ఇనుప మేకు, బొగ్గు ముక్క వేసేవారు. ఆవిడ మీది గౌరవంతో నేనూ వేస్తాను. కానీ నాకు నష్టం చేసింది ఉరుము కాదు, మామిడికాయల కాలపు గాలివానకు తడిసిపోయిన తట్టే.

ఇరవై ఒకటో రోజుకు పిల్లలు పెంకు పొడుస్తాయి. పొడిచాక బయటికి రావడానికి ఒక్కోసారి పూర్తి రోజు పడుతుంది. జాలిపడి నేను ఒకసారి పెంకు ఒలిచాను, లోపలి నాళాలు ఇంకా ఎండకపోవడంతో రక్తం కారి ఆ పిల్ల నా చేతిలోనే పోయింది. కడుపులోకి పీల్చుకున్న పచ్చసొన రెండు రోజులు ఆహారంగా సరిపోతుంది కాబట్టి, మేతకు తొందర లేదు. తర్వాత సన్నని నూకలు, కోడిపిల్లల దాణా, గులకరాళ్లు వేసిన లోతులేని పళ్లెంలో నీళ్లు ఇవ్వండి. గుడ్డుకు శత్రువైన ఈ వేడే, మొదటి వారం ముప్పై రెండు డిగ్రీలకు పైగా వెచ్చదనం కోరే పిల్లలకు మేలు చేస్తుంది.

మొదటి రెండు వారాలు తల్లిని గంప కింద కమ్మి, పిల్లలను చుట్టూ తిరగనివ్వండి. అయినా గద్దలు, కాకులు, పిల్లులు, ముంగిసలు తన్నుకుపోయే భయం ఉంది కనుక పైన వల ఉండాలి. వారం వయసులో కొక్కెర తెగులు (రాణిఖేత్ వ్యాధి) రాకుండా లసోటా టీకా చుక్క కంటిలో వేయించండి, ఎనిమిదో వారంలో అదే తెగులుకు ఆర్‌టూబీ టీకా సూది వేయించండి. కలిపిన మందు రెండు గంటలలోపే వాడేయాలి, ఒక్క సీసా ఎన్నో కోళ్లకు సరిపోతుంది కాబట్టి ఇరుగుపొరుగు కలిసి ఒకే రోజు వేయించుకోవడం మంచిది. మీకు గన్నవరం పశువైద్య కళాశాల దగ్గరే.

మీ పెట్ట ఇప్పటికే వారం కూర్చుంది, పొదిగేటప్పుడు అది సరిగా తినదు, బరువు తగ్గుతుంది. రెండు మూడు రోజుల్లో గుడ్లు వేయగలిగితే, రోహిణి కార్తె మొదలయ్యేలోపే పిల్లలు దిగుతాయి. ఆలస్యమయ్యేటట్లయితే ఈసారికి మానేసి, గాలి ఆడే నీడలో గడ్డీ గూడూ లేకుండా మూడు, నాలుగు రోజులు దాన్ని గంప కింద ఉంచి పొదుగు మాన్పించండి. కొన్ని వారాలలో మళ్లీ గుడ్లకు వస్తుంది. మృగశిర దాటి వాతావరణం చల్లబడ్డాక పొదగేయండి.