ఆరుబయట శిల్పం పెట్టబోయే అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

కృష్ణ ఒడ్డున పార్కులో నీ శిల్పానికి చోటిచ్చారని తెలిసి ఎంత సంతోషమేసిందో! నువ్వు పంపిన స్కెచ్ రాత్రి మూడుసార్లు చూశాను. వైవిధ్యం, ప్రకృతి అనే అంశానికి నాలుగు మతాల మనుషులు చేతులు పట్టుకుని చెట్టు చుట్టూ నిలబడ్డట్టు గీశావు. అది వద్దమ్మా. పోస్టర్‌కైతే సరిపోతుంది. చూసినవాళ్లకి ఒక్క నిమిషంలో అర్థమైపోతుంది, మళ్లీ ఆ దారికి రావాలనిపించదు.

వైవిధ్యాన్ని వేషాల్లో కాదు, రాయిలో, ఇనుములో చూపించు. రామ్‌కింకర్ బైజ్ అనే శిల్పి 1938లో శాంతినికేతన్‌లో ‘సంతాల్ కుటుంబం’ అనే గిరిజనుల శిల్పం చేసినప్పుడు పాలరాయి కోసం, కంచు కోసం చూడలేదు. సిమెంటులో అక్కడి ఎర్రకంకర కలిపాడు. సామానుతో, పిల్లలతో, వెంట కుక్కతో వెళ్తున్న ఆ మనుషులు ఆ నేలలోంచే లేచి నడుస్తున్నట్టుంటారు. మన దగ్గరా తక్కువేం లేదు. అమరావతి స్తూపం మీద చెక్కిన పల్నాటి సున్నపురాయి ఉంది. చీమకుర్తి నల్ల గ్రానైటు ఉంది. ఆటోనగర్‌లో పాత గేర్లు, కమాను కట్టలు కావలసినన్ని. సున్నపురాయి ఉలి మాట వింటుంది, గ్రానైటు మొండికేస్తుంది, ఇనుము కాలిస్తే వంగుతుంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఏదీ ఇంకోదానిలా కనిపించాలని రంగు పుయ్యకుండా వదిలెయ్. ఎండకీ వానకీ ఒక్కోటి ఒక్కో తీరున ముసలిదవుతుంది. నువ్వు చెప్పాలనుకున్నది అదే కదా.

చెక్కడం మొదలుపెట్టే ముందు ఆ చోట ఒక రోజంతా కూర్చో. స్టూడియోలో లైటు మన చేతిలో ఉంటుంది, అక్కడ ఉండదు. మన ఊళ్లలో మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి ఉంటాడు. ఏడాదిలో ఎక్కువ రోజులు నీడలో ఉండే ఉత్తరపు ముఖానికి అప్పుడే నడిమధ్యాహ్నం ఎండ తగులుతుంది. సన్నటి పని అటువైపు పెట్టుకుంటే ఆ మూడు నెలలూ వేరే శిల్పం చూసినట్టుంటుంది. ఇనుము మాత్రం పిల్లల చేతికి అందేంత కిందకి పెట్టకు. విజయవాడ ఎండకి చెయ్యి కాలిపోతుంది. వాళ్లు తాకేచోట రాయి ఉంచి, దానిమీద చెట్టు నీడ పడేలా చూడు.

ఇక నీళ్ల సంగతి. నా చేతి తప్పొకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక తోటలో ఇనప రేకుతో పెద్ద కొంగ చేసి నిలబెట్టాను. లోపల డొల్ల. అడుగున నీళ్లు పోవడానికి బెజ్జం పెట్టలేదు. అతుకుల్లోంచి దిగిన వాననీరు లోపలే నిలిచి తుప్పు పట్టించింది. రెండో వానాకాలంలో ఒక తెల్లవారుజామున రెక్క ఊడి కింద పడింది. ఆ వేళకి అక్కడ ఎవరూ లేరు. ఇప్పటికీ తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది. డొల్లగా ఉన్న ప్రతిదానికీ అడుగున బెజ్జం పెట్టు. పైన గుంటలు మిగల్చకు, దోమలు చేరతాయి. రాళ్లని కలిపే కడ్డీలు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడు. మామూలు ఇనుమైతే లోపల తుప్పు పట్టి, ఉబ్బి, రాయినే చీల్చేస్తుంది. సిమెంటు మరకలు పడ్డాయని సున్నపురాయిని యాసిడ్‌తో ఎవరినీ కడగనివ్వకు. ముఖాలు కరిగిపోతాయి.

అడుగున నల్లరేగడి అయితే వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. పునాది విషయం సివిల్ ఇంజనీరుని అడిగి చెయ్, మనం ఊహించి చేసే పని కాదది.

పక్కనున్న వేపచెట్టు కొమ్మలు కొట్టేస్తామని పార్కువాళ్లు అంటే ఒప్పుకోకు. పిచ్చుకలు గూడు కట్టుకునే సందులు రెండు మూడు వదులు. పిట్టలు రెట్టలేస్తే మంచినీళ్లతో కడుక్కుందాం.

కొత్త స్కెచ్ గీసినా గీయకపోయినా శనివారం పొద్దున ఏడింటికల్లా బెజవాడ బస్టాండులో ఉంటాను. ఎండెక్కకముందే ఆటోనగర్ పాత ఇనుము కొట్లన్నీ తిరుగుదాం. టేపు, చాక్‌పీసు తెచ్చుకో. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రా.

పెదనాన్న,
గుంటూరు