పాత హోటల్ బాగుచేత: ముందు నీళ్ల దారి చూడండి

ప్రశ్న: స్టేషన్ ఎదుట ఉన్న మూడంతస్తుల పాత హోటల్ కొన్నాం. ఎన్నో ఏళ్లుగా పై రెండు అంతస్తులకు తాళమే, కింద దుకాణాలు మాత్రం నడుస్తున్నాయి. ఇంత గట్టి కట్టడం ఇలా ఎందుకైంది? పని ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: రైలు దిగినవాళ్ల కోసం కట్టిన హోటళ్లివి. ప్రయాణం రోడ్డెక్కాక గిరాకీ ఊరి బయటికి పోయింది. అమెరికాలో మెంఫిస్‌లో రోడ్డు పక్క హోటళ్ల సంస్థ హాలిడే ఇన్ మొదటి హోటల్ 1952లో తెరిచారు, అంతర్రాష్ట్ర రహదారుల చట్టం 1956లో వచ్చింది. కారు గది ముందే ఆపుకునే వసతి దొరికాక, నడవా చివర ఉమ్మడి స్నానాలగది ఉన్న హోటల్ ఎవరికి కావాలి?

అయితే గిరాకీ పోయినంత మాత్రాన గోడలు పాడవవు. తాళం వేయడంతో పాడవుతాయి. వానగొట్టం మూతికి ఆకులో, పావురాల గూడో అడ్డుపడినా చూసేవాళ్లుండరు. డాబా మీద నిలిచిన నీళ్లు పిట్టగోడ పక్కనుంచి గోడలోకి దిగి దూలం కొనను చేరతాయి. కింది దుకాణం సీలింగ్‌లో మరక కనబడేసరికి పైన కొన పుచ్చిపోయి ఉంటుంది. అందుకే డిజైన్ల కంటే ముందు జోరువానలో టార్చిలైటు పట్టుకుని పైకెళ్లండి. కారే ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తుపెట్టండి. గొట్టాలు శుభ్రం చేసి, కప్పు మూసేదాకా లోపల పెట్టే ఖర్చంతా దండగే.

ప్రశ్న: గోడలకు నాలుగేళ్ల క్రితం సిమెంటు పూత వేయించారు. ఇప్పుడు నడుమెత్తు వరకు ఉప్పు పూసి పెళ్లలు ఊడుతున్నాయి.

జవాబు: సున్నంతో కట్టిన ఇటుక గోడ చెమ్మను పీల్చుకుంటుంది, గాలికి వదిలేస్తుంది. సిమెంటు పూత ఆ వదిలే దారి మూసేసింది. నీటితో వచ్చిన ఉప్పు పూత వెనకే గడ్డకట్టి ఇటుక ముఖాన్ని పగలగొడుతోంది. పైన వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే చెమ్మ ఇంకో అడుగు పైకెక్కుతుంది, అంతే.

ముందు బయట నేల మట్టం చూడండి. రోడ్డు ఎత్తు పెరిగి లోపలి గచ్చుకు సమానంగా వచ్చి ఉంటే, గోడ వెంట మట్టి తీసి గచ్చుకు 150 మిల్లీమీటర్లు దిగువకు తేవాలి. తర్వాత చెమ్మ గీతకు మరో అర మీటరు పైదాకా సిమెంటు గీకేయండి. ఒకవైపే ఆరే గోడలో 25 మిల్లీమీటర్ల మందానికి సుమారు నెల పడుతుంది. 450 మిల్లీమీటర్ల గోడను రెండువైపులా గీకినా తొమ్మిది నెలలు. కాంట్రాక్టర్లకు ఈ లెక్క అస్సలు నచ్చదు.

ఆరాక నానబెట్టిన సున్నం ఒక పాలు, మట్టి లేని గరుకు ఇసుక మూడు పాళ్లు కలిపి గార వేయండి. ఒక్కో పూత 10–12 మిల్లీమీటర్లు దాటకూడదు. బొటనవేలు నొక్కితే దిగకుండా, గోరుతో గీస్తే గీత పడేలా ఉన్నప్పుడే రెండో పూత. ఎండ తగిలేచోట తడి గోనెపట్టాలు వేలాడదీయండి. త్వరగా ఆరితే గార పొడిపొడిగా రాలుతుంది. పైన వెల్లసున్నమే వేయాలి, ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దు.

ప్రశ్న: దూలం మధ్యలో గట్టిగానే ఉంది కానీ గోడలోకి పోయే కొనలో స్క్రూడ్రైవర్ దిగుతోంది. దూలం మొత్తం మార్చాలా?

జవాబు: చాలాసార్లు అక్కర్లేదు. పుచ్చు కనిపించే చోటు దాటి ఇంకో 300 మిల్లీమీటర్లు కోసి, కొత్త కర్ర ముక్క అతికి, రెండు పక్కలా ఉక్కు పలకలు బోల్టులతో బిగిస్తారు. పలక మందం, బోల్టుల లెక్క మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీర్‌దే. కోసే ముందు పెట్టే జాకీల దగ్గరే పొరపాటు జరుగుతుంది. జాకీని కింది అంతస్తు గచ్చు మీద నిలిపి వదిలేస్తే బరువంతా ఆ గచ్చు మీద పడి అదీ పగులుతుంది. నేల దాకా ఒకదాని కింద ఒకటి నిలపాలి.

కొనను తిరిగి గోడలో పెట్టేటప్పుడు కింద చెమ్మ ఎక్కకుండా పొర వేసి, పక్కలా చివరా 25 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. మేస్త్రి దాన్ని సిమెంటుతో పూడ్చేస్తాడు, దగ్గరుండి చూసుకోండి. కర్రలో తేమ 20 శాతం దాటితే బూజు మళ్లీ పట్టుకుంటుంది.

ప్రశ్న: ప్రతి గదికీ స్నానాలగది ఎలా?

జవాబు: మూడు గదులను రెండు చేసి, మధ్య గదిని రెండు స్నానాలగదులుగా పంచడం తేలికైన దారి. అన్ని అంతస్తుల్లోనూ అవి ఒకదానిమీద ఒకటి రావాలి, గొట్టాలకు ఒకటే నిలువు దారి చాలు. 100 మిల్లీమీటర్ల మురుగు గొట్టం కోసం అడ్డదూలాలను తొలవనివ్వకండి. రంధ్రం దూలం లోతులో నాలుగో వంతు దాటకూడదు, కాబట్టి ఆ గొట్టం అందులో పట్టదు. గచ్చునే ఒక మెట్టు ఎత్తు చేయండి. టైల్స్ వేసే ముందు 24 గంటలు నీళ్లు నిలిపి చూడండి.

ప్రశ్న: ముందుభాగం ఇసుక చిమ్మించి శుభ్రం చేద్దామా? లాబీ పాత రంగు ఏదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ఇసుక వద్దు. కాలిన ఇటుక పైపొర లేచిపోతే వాన నీళ్లు నేరుగా లోపలికి ఇంకుతాయి. మెత్తని కుంచె, తక్కువ ఒత్తిడి నీళ్లు సరిపోతాయి.

రంగు కోసం పాత స్విచ్‌బోర్డు విప్పి, దాని వెనక సన్నటి ఉప్పుకాగితంతో గుండ్రంగా రుద్దండి. పొరలు ఒకదాని చుట్టూ ఒకటి వలయాల్లా బయటపడతాయి, నడిమిది అన్నిటికంటే పాతది. ఆనవాలే దొరకని చోట ఊహించి అలంకారాలు చెక్కించకండి. ఊహ మొదలయ్యేచోట పునరుద్ధరణ ఆగాలని, పాత కట్టడాల సంరక్షణకు రాసుకున్న 1964 నాటి అంతర్జాతీయ పత్రం వెనిస్ చార్టర్ చెబుతుంది. అక్కడ సాదా గార పూసి వదిలేయండి.