ట్రైలర్ చూసి సినిమాను ఎంతవరకు నమ్మవచ్చు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం రాబోయే సినిమాల ట్రైలర్ల గురించే ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ట్రైలర్ బాగుందని నమ్మి మొదటి రోజే, పెంచిన ధరకు టికెట్టు కొంటున్నాను. తీరా చూస్తే ఆ రెండు నిమిషాలలో ఉన్నవే మంచి ఘట్టాలు, మిగిలినదంతా సాగదీత. ట్రైలర్‌ను బట్టి సినిమాను ముందే అంచనా వేసుకునే మార్గం ఏమైనా ఉందా? — డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: కొంతవరకు ఉంది. అయితే ట్రైలర్ దేనికి జవాబు చెప్పగలదో, దేనికి చెప్పలేదో ముందుగా తెలిసి ఉండాలి. రెండున్నర గంటల కథ ఎక్కడ నత్తనడక నడుస్తుందో, విరామం తరువాత పట్టు నిలుస్తుందో సడలుతుందో రెండున్నర నిమిషాల కూర్పు చెప్పలేదు. మీవంటి ప్రేక్షకులు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. ట్రైలర్‌లో ఒక్కొక్క షాట్ తెర మీద నిలిచేది సాధారణంగా ఒకటి రెండు సెకన్లు. అంత తక్కువ సేపట్లో పేలవమైన సన్నివేశం కూడా బలంగానే కనిపిస్తుంది, ఎందుకంటే దాని పేలవత్వం బయటపడేది అది సాగినప్పుడే. ఒక సన్నివేశంలో పలికిన మాటను మరొక సన్నివేశంలోని ముఖం మీద వినిపించడం, పాట కోసం తీసిన షాట్‌ను పోరాటానికి ముందు అతికించడం ఈ పనిలో మామూలు. ట్రైలర్ కూర్చే బాధ్యతను సినిమా ఎడిటర్‌కు కాక వేరొకరికి అప్పగించడం, దానికి విడిగా సంగీతం చేయించడం కూడా ఉన్నవే. కాబట్టి ట్రైలర్‌లోని వేగాన్ని సినిమా వేగంగా లెక్కవేసుకోకూడదు.

ఇక ట్రైలర్ చెప్పగలిగిన దాని సంగతి. నేను మొట్టమొదట వెతికేది, ఎక్కడైనా ఒక సన్నివేశాన్ని పది పదిహేను సెకన్లపాటు తెగకుండా నడవనిచ్చారా అన్నది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నప్పుడు ఒకరి మాటకు రెండవవారి ముఖంలో కలిగే మార్పును ఆగి చూపించారంటే, ఆ రచన మీద, ఆ నటుల మీద తీసినవారికి నమ్మకం ఉన్నదని అర్థం. అటువంటి చోటు ఒక్కటి కూడా లేకుండా, ప్రతి మాటకు ముందు చీకటి, ప్రతి మాట వెనుక హోరు మాత్రమే ఉన్నప్పుడు నేను మొదటి రోజుకు తొందరపడను. ఆ తరువాత చిన్న పాత్రలను గమనిస్తాను. తల్లి, స్నేహితుడు, ఊరి పెద్ద, పోలీసు అధికారి, వీళ్లంతా కథానాయకుడు ఎంత గొప్పవాడో చెప్పడానికే నోరు విప్పుతుంటే, కథలో వాళ్లకు సొంత బతుకు లేదన్నమాటే. కథ మన ప్రాంతంలో జరుగుతుందని చెప్పే ట్రైలర్లలో యాస కూడా ఒక మంచి ఆధారం. ఎక్కడో ఒకచోట ‘పిలకాయలు’ అన్న మాట ఇరికించి, మిగతా అంతా ఏ ఊరిదీ కాని భాష మాట్లాడించారంటే, ఆ ఊరిని గురించి రచయిత పడిన శ్రమ ఎంతో మీకు నెల్లూరులో ఉండి తెలియనిది కాదు.

మరొక పని చేయండి. అదే ట్రైలర్‌ను రెండవసారి శబ్దం పూర్తిగా తీసివేసి చూడండి. సంగీతం, కేకలు, పదునైన సంభాషణలు పోయిన తరువాత కూడా ఆ మనుషుల మధ్య ఏం జరుగుతోందో తెలుసుకోవాలనిపిస్తే, ఆ దర్శకుడికి బొమ్మతో కథ చెప్పడం వచ్చు. మీ జిల్లాలోని ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావుగారు 1987లో ‘పుష్పక విమానం’ చిత్రాన్ని ఆసాంతం సంభాషణలు లేకుండానే తీసి ప్రేక్షకులను మెప్పించారు. అందరూ అలా తీయాలని నేను అనను గాని, మాట తీసివేస్తే ఏమీ మిగలని ట్రైలర్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం.

గ్రాఫిక్స్ విషయంలో తొందరపడి తీర్పు చెప్పవద్దు. టీజర్ నాటికి ఆ పని చాలాసార్లు పూర్తయి ఉండదు. 2022 అక్టోబరులో ‘ఆదిపురుష్’ టీజర్ మీద తీవ్రమైన విమర్శలు వచ్చాక, ఆ చిత్రం విడుదలను 2023 జనవరి నుంచి జూన్‌కు జరిపి గ్రాఫిక్స్‌కు మెరుగులు దిద్దారు. ఫోన్‌లో చూసి నిర్ణయించడం వలన ఇంకొక చిక్కు కూడా ఉంది. అరచేతిలో సరిగానే కనిపించిన బొమ్మ పెద్ద తెర మీద అతుకులతో సహా బయటపడుతుంది. సూళ్లూరుపేటలో 2019లో మొదలైన థియేటరులోని దాదాపు వంద అడుగుల వెడల్పు తెర వంటి దాని మీదనైతే లోపం దాగే చోటే ఉండదు. వీలైతే మరో సినిమాకు వెళ్లినప్పుడు థియేటరులో వేసే ట్రైలర్‌ను చూసి నిర్ణయించుకోండి.

ప్రశ్న: ట్రైలర్‌లో చూపించిన పాట కోసమే పిల్లలతో కలిసి వెళ్లాము. సినిమాలో ఆ పాట లేదు. టికెట్టు డబ్బు తిరిగి అడిగే హక్కు మాకు ఉందా? — గృహిణి, ఒంగోలు

జవాబు: సరిగ్గా ఇటువంటి వివాదమే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016లో వచ్చిన ‘ఫ్యాన్’ అనే హిందీ చిత్రం ప్రచారంలో విస్తృతంగా చూపిన ఒక పాట సినిమాలో లేకపోవడంతో మహారాష్ట్రకు చెందిన ఒక ఉపాధ్యాయురాలు వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు చేశారు. జిల్లా ఫోరం దానిని కొట్టివేసినా, రాష్ట్ర కమిషన్ ఆమెకు 10,000 రూపాయల పరిహారం, 5,000 రూపాయల ఖర్చులు ఇవ్వాలని ఆదేశించింది, జాతీయ కమిషన్ కూడా దానినే సమర్థించింది. నిర్మాణ సంస్థ అప్పీలు మీద జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ అరవింద్ కుమార్‌ల ధర్మాసనం 2024 ఏప్రిల్ 22న ఆ ఆదేశాలను రద్దు చేసింది. ప్రచార చిత్రం ప్రేక్షకుడిని టికెట్టు కొనడానికి ప్రోత్సహించేదే తప్ప, అందులో చూపినదంతా సినిమాలో ఉంటుందన్న ఒప్పందం కాదని, కళాసృష్టికి సంబంధించిన సేవలో నిర్మాతకు స్వేచ్ఛ ఉంటుందని ఆ తీర్పు సారాంశం.

అందువలన పాట లేదన్న ఒక్క కారణంతో డబ్బు తిరిగి రావడం కష్టం. థియేటరు వారి సేవలోనే లోపం ఉంటే, అంటే ఆట మధ్యలో ఆగిపోయి తిరిగి మొదలుకాకపోతేనో, సీటు సంఖ్య ఇచ్చి ఆ సీటు ఇవ్వకపోతేనో, అది వేరే విషయం. దాని మీద మీ ఊరిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చట్టం సంగతి అలా ఉంచితే, నిడివి కోసం పాట తీసివేసిన నిర్మాత ఆ మాటను విడుదలకు ముందే చెప్పడం మర్యాద అని నా అభిప్రాయం. వారం తరువాత ‘పాట కలిపాము’ అని మళ్లీ ప్రకటన ఇచ్చి, మొదటి వారం వచ్చినవారిని రెండవసారి టికెట్టు కొనమనడం నాకు ఏమాత్రం నచ్చదు.

ప్రశ్న: ఇరవై నాలుగు గంటలలో ఇన్ని కోట్ల మంది చూశారన్న పోస్టర్లను బట్టి సినిమా విజయాన్ని ఊహించవచ్చా? — వ్యాపారి, కావలి

జవాబు: ఊహించలేము. యూట్యూబ్‌లో డబ్బు కట్టి ట్రైలర్‌ను ప్రకటనగా చూపించుకోవచ్చు. దాటవేయడానికి వీలున్న అటువంటి ప్రకటనను ప్రేక్షకుడు ముప్పై సెకన్లు చూస్తే అది కూడా వీక్షణగానే లెక్కకు వస్తుంది. ఈ కారణం వలననే 2019లో యూట్యూబ్ పాటల వీడియోల ఇరవై నాలుగు గంటల రికార్డులను నిర్ణయించేటప్పుడు ప్రకటనల ద్వారా వచ్చిన వీక్షణలను మినహాయించింది. నచ్చలేదని నొక్కినవారి సంఖ్య 2021 నవంబరు నుంచి మనకు కనిపించడం లేదు. అభిమానులు పదేపదే చూసేవి కూడా ఆ అంకెలోనే కలుస్తాయి. పోస్టరు మీది అంకె ప్రచారం బలాన్ని చెబుతుంది, అంతవరకే.

ప్రశ్న: మా చిన్నతనంలో పాటల పుస్తకం కొనుక్కుని కథ చదివి వెళ్లేవాళ్లం. ఇప్పుడు ట్రైలరే కథంతా చెప్పేస్తోంది. ఇది సినిమాకు మేలు చేస్తుందా? — విశ్రాంత ఉపాధ్యాయుడు, కందుకూరు

జవాబు: ఆ పుస్తకాలలో కథ ఒక మలుపు దాకా వచ్చి ‘శేషం వెండితెరపై చూడండి’ అన్న మాటతో ఆగేదని మీకు గుర్తుండే ఉంటుంది. ఎక్కడ ఆపాలో వాటిని రాసినవారికి తెలుసు. పురాణ కథలు అందరికీ తెలిసినవే అయినా జనం మళ్లీ మళ్లీ చూశారు కనుక, కథ తెలియడమే నష్టమని చెప్పలేము. కాని నేర పరిశోధన కథలో, రహస్యమే ప్రాణమైన కథలో సగానికి పైగా బయటపెట్టే ట్రైలర్ ఆ సినిమాకు కీడే చేస్తుంది. అటువంటి చిత్రాలకు టీజర్ చూసి ఆగిపోండి.

ప్రశ్న: ఫోన్‌లో చూసిన ట్రైలర్‌లో అభ్యంతరకరమైనది ఏమీ లేదు. మా ఎనిమిదేళ్ల బాబును ఆ సినిమాకు తీసుకువెళ్లవచ్చా? — ఒక తల్లి, ఆత్మకూరు

జవాబు: దానికి ట్రైలర్‌ను ఆధారం చేసుకోవద్దు. థియేటరులో వేసే ట్రైలర్‌కు సెన్సారు ధ్రువపత్రం కావాలి గాని, ఇంటర్నెట్‌లో పెట్టేదానికి ఆ నియమం లేదు. పైగా రెండు నిమిషాలలో హింసను తప్పించి చూపడం సులువు. సినిమా ధ్రువపత్రాన్నే చూడండి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించిన తరువాత యూఏ విభాగాన్ని వయసును బట్టి 7+, 13+, 16+ అని మూడుగా చేశారు. ‘ఏ’ ధ్రువపత్రం ఉన్న చిత్రానికి పద్దెనిమిదేళ్లు నిండనివారిని రానివ్వకూడదు. యూఏలో అటువంటి నిషేధం లేదు, నిర్ణయం తల్లిదండ్రులదే. మీ బాబు విషయంలో యూఏ 7+ వరకు నిశ్చింతగా ఆలోచించవచ్చు. 13+ లేదా 16+ అని ఉంటే ముందు ఇంట్లో పెద్దవారు ఒకరు చూసి వచ్చిన తరువాతనే బాబును తీసుకువెళ్లడం మంచిది.