సూది ఉంటే ఉందనే చెప్పండి

ప్రశ్న: మా అబ్బాయికి ఐదేళ్లు. రెండు నెలల క్రితం బ్లడ్ క్యాన్సర్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) అని తేలింది. నల్గొండ జిల్లా నుంచి వచ్చి, హైదరాబాద్‌లో గది తీసుకుని ఆరోగ్యశ్రీ కింద చికిత్స చేయిస్తున్నాం. ప్రతిసారీ ‘ఊరికే చూపించుకుని వచ్చేద్దాం, సూది ఉండదు’ అని తీసుకెళ్లేవాళ్లం. ఇప్పుడు ఆటో ఎక్కమంటేనే ఏడుపు. నర్సులతో బాగానే ఉంటాడు, నన్ను మాత్రం కొడతాడు. మొన్న ‘అల్లరి చేశాననేగా సూది వేయిస్తున్నావు’ అన్నాడు. చెబితే భయపడతాడని మావారు ఏమీ చెప్పనివ్వరు. అమ్మమ్మ దగ్గర వదిలిన తొమ్మిదేళ్ల పాప ఫోన్‌లో మాట్లాడటం తగ్గించేసింది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు మీ అబ్బాయి అన్న ఆ మాటకే జవాబు చెప్పాలి. అన్నం తినకపోయినా, మాట వినకపోయినా ‘డాక్టరు దగ్గర సూది వేయిస్తాను’ అని బెదిరించడం మన ఇళ్లలో మామూలే. మీరు అనకపోయినా ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆ వయసు పిల్లలు చుట్టూ జరిగే చెడుకు తామే కారణమనుకుంటారు కనుక, ఇన్ని సూదులు పడుతున్నాయంటే తానెంత తప్పు చేశాడోనని వాడు లెక్క వేసుకోవడంలో వింత లేదు. ‘నీ రక్తంలో జబ్బు వచ్చింది. నువ్వు చేసిన పని వల్ల రాలేదు, ఎవరూ కోప్పడినందుకూ రాలేదు. ఈ మందులు దాన్ని తగ్గించడానికే’ అని భార్యాభర్తలిద్దరూ పక్కన కూర్చుని చెప్పండి. వాడు మళ్లీ మళ్లీ అడుగుతాడు. అడిగినప్పుడల్లా విసుక్కోకుండా అదే మాట చెప్పండి.

మీవారి మాటలో ప్రేమే ఉంది గానీ, వాడు ఇప్పటికే భయపడుతున్నాడు, ఆ భయాన్ని ఎవరితో చెప్పుకోవాలో మాత్రం వాడికి తెలియడం లేదు. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. మంచి వసతులున్న చోట చికిత్స మధ్యలో ఆపకుండా పూర్తి చేయించుకున్న పిల్లల్లో అత్యధికులు కోలుకుంటున్నారు. అయితే ఆ చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది, అంతకాలం ‘సూది ఉండదు’ అన్న మాటతో నెట్టుకురావడం ఎవరి వల్లా కాదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కీమో నడుస్తున్న బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలు దాటితే రాత్రయినా సరే ఆసుపత్రికి పరుగెత్తవలసిందే. ఆసుపత్రి అంటే మోసమని నమ్మిన పిల్లవాడు ఒళ్లు బాగాలేదని మీకు చెప్పకుండా దాచవచ్చు.

ఐదేళ్లవాడికి వారం ముందే చెబితే వారమంతా కుమిలిపోతాడు. ముందు రోజు సాయంత్రమో, ఆ ఉదయమో చెప్పండి. ‘నొప్పి ఉండదు’ అనకండి, ‘కాస్త నొప్పిగా ఉంటుంది, తొందరగా అయిపోతుంది, నేను నిన్ను పట్టుకునే ఉంటాను’ అనండి. చర్మం మొద్దుబారే పూతమందు ఉంటుంది. దాన్ని సూదికి గంట ముందు రాయాలి, డాక్టరును అడగండి. నలుగురు పట్టుకుని మంచం మీద వెల్లకిలా అదిమిపెడితే పిల్లవాడికి సూది కంటే ఆ పట్టే ఎక్కువ భయం పుట్టిస్తుంది. దానికి బదులు మీ ఒడిలో మీ వైపు తిప్పి కూర్చోబెట్టుకుని, ఛాతీకి హత్తుకుని, ఒక చేతిని మాత్రం నర్సుకు ఇవ్వండి. రెండో చేత్తో వాడు సబ్బు బుడగలు ఊదుకోనివ్వండి. ‘సూది వేయించుకుంటావా?’ అని అడగవద్దు, వద్దంటే మీ దగ్గర జవాబు లేదు. ‘ఏ చెయ్యి ఇస్తావు?’ అని అడగవచ్చు. ఈ చికిత్సలో భాగంగా వెన్నులో ఇచ్చే ఇంజెక్షన్ సంగతి వేరు, అక్కడ మత్తు ఇచ్చే వీలుందేమో ముందే మాట్లాడుకోండి. లోపలికి మిమ్మల్ని రానివ్వకపోతే ‘తలుపు బయటే ఉంటాను’ అని చెప్పండి, చెప్పాక టీ తాగడానికైనా అక్కడి నుంచి కదలకండి.

మిమ్మల్నే కొట్టడానికి కారణం, ఏం చేసినా వదిలిపోని మనిషి మీరేనని వాడికి తెలియడమే. కొంత మందుల ప్రభావం కూడా ఉంటుంది: తొలి వారాల్లో ఇచ్చే స్టెరాయిడ్ల వల్ల విపరీతమైన ఆకలి, చిరాకు వస్తాయి, అర్ధరాత్రి లేచి అన్నం పెట్టమని గోల చేసే పిల్లలు ఎందరో. అలాగని కొట్టడాన్ని ఊరుకోనక్కర్లేదు. ‘కోపం రావచ్చు, అమ్మను కొట్టకూడదు’ అని చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పండి. జబ్బు పిల్లవాడని అన్ని నియమాలూ ఎత్తేస్తే తనకేదో ఘోరం జరగబోతోందని వాడే అనుమానిస్తాడు.

పాప సంగతి మీరు చివర్లో రాశారు గానీ, నాకు అది చిన్న విషయంగా కనిపించడం లేదు. తమ్ముడితో పోట్లాడినందుకే ఇలా అయిందనో, తనకూ అంటుకుంటుందనో ఆ పిల్ల అనుకుంటూ ఉండవచ్చు. తొమ్మిదేళ్ల పిల్లకు జబ్బు పేరు, అది అంటువ్యాధి కాదన్న సంగతి చెప్పాలి. రోజూ ఒక వేళకు వీడియో కాల్ చేసి, తమ్ముడి కబుర్లు కాకుండా ఆమె బడి సంగతులు అడగండి. ఆ ఫోన్ మీవారు చేస్తే మరీ మంచిది. తమ్ముడి రక్తకణాల లెక్కలు (కౌంట్లు) బాగున్నప్పుడు డాక్టరును అడిగి తీసుకొచ్చి చూపించండి, అయితే బడిలో ఎవరికైనా ఆటలమ్మ పోసిందని తెలిస్తే రాక ఆపి, అక్కాతమ్ముళ్లు ఈమధ్యే కలిసి ఉంటే ఆ సంగతి వెంటనే డాక్టరుకు చెప్పండి.

ఇన్నాళ్లూ సూది ఉండదన్నారు కాబట్టి రెండు మూడుసార్లు వాడు మిమ్మల్ని నమ్మకపోవచ్చు. నెలన్నర గడిచినా నిద్రలో ఉలిక్కిపడటం, తిండి మానేయడం, మాటలు తగ్గిపోవడం కనిపిస్తే మీ డాక్టరుకు చెప్పి, పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి పంపమని అడగండి.