కళాబృందాలకు ప్రభుత్వ గ్రాంట్లు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

కళాసంఘాలకు ప్రభుత్వ ఆర్థిక సాయం గురించి ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో నలుగురికీ పనికివచ్చేవి ఈసారి తీసుకున్నాము. ఉత్తరాలు రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మాది జనగామ జిల్లాలో తాతల కాలం నుంచి ఆడుతున్న చిందు యక్షగాన మేళం. సంఘాన్ని రిజిస్టరు చేయించి ఏడాదిన్నర అయింది. మా జిల్లా చిందు కళాకారుడికి పద్మశ్రీ కూడా వచ్చింది కాబట్టి మాకు ఢిల్లీ గ్రాంటు తేలికగా వస్తుందని ఒకాయన అంటున్నారు. కాగితాల పనంతా తానే చూసుకుంటారట, వచ్చిన సొమ్ములో వాటా ఇవ్వాలట. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు వాటా సంగతి. ఇవ్వకండి. గ్రాంటుగా వచ్చిన ప్రతి రూపాయీ మంజూరైన పనికే ఖర్చయిందని మీ సంఘం బాధ్యులు సంతకం చేసి, చార్టర్డ్ అకౌంటెంట్ చేత ధ్రువీకరింపజేసి పంపవలసి ఉంటుంది. అందులో కొంత మధ్యవర్తి చేతిలో పెట్టాక, ఆ మేరకు ఎక్కడో ఒక దొంగ బిల్లు పుట్టక తప్పదు. ఆ బిల్లు మీద ఆయన సంతకం ఉండదు, మీదే ఉంటుంది. దరఖాస్తు నింపడం మీకు కష్టమైతే, తెలిసినవారి చేత నింపించుకుని, ఆ పనికి తగిన ప్రతిఫలాన్ని సంఘం సొంత నిధి నుంచి ఇచ్చి రశీదు తీసుకోండి. మంజూరుతో దానికి ముడి ఉండకూడదు.

గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ రావడం చిందు మేళాలన్నిటికీ గర్వకారణమే. అయితే ఆ గౌరవం వ్యక్తికి చెందినది. గ్రాంటు కమిటీ ముందుకు మీ సంఘం కాగితాలే వెళ్తాయి.

ఇక అర్హత. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ ‘కళా సంస్కృతి వికాస్ యోజన’ కింద అమలు చేస్తున్న పథకాల్లో మీవంటి వారికి సరిపోయేవి రెండు. మొదటిది గురు శిష్య పరంపర సాయం, దీన్నే రెపర్టరీ గ్రాంటు అని కూడా అంటారు. గురువుకు నెలకు రూ.15,000, శిష్యులకు వయసును బట్టి నెలకు రూ.2,000 నుంచి రూ.10,000 వరకు ఇస్తారు. ఒక గురువు కింద గరిష్ఠంగా 18 మంది శిష్యులను చూపవచ్చు గానీ, ఎంతమందికి ఇవ్వాలో నిపుణుల కమిటీయే నిర్ణయిస్తుంది. రెండవది ఉత్సవాలకు, కొత్త ప్రదర్శనలకు, కార్యశాలలకు ఇచ్చే సాయం. ఇది సాధారణంగా రూ.5 లక్షలు దాటదు, ప్రత్యేక సందర్భాల్లో మాత్రమే రూ.20 లక్షల వరకు పెంచే వీలుంది. దేనికి దరఖాస్తు చేసినా గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడుగుతారని అనుకుని సిద్ధపడడం మంచిది. ఏడాదిన్నర సంఘం ఇప్పుడే పరుగెత్తడం వల్ల ప్రయోజనం తక్కువ.

మీ మేళం విషయంలో ఇంకో చిక్కుంది. మీ ఉత్తరంతో జతచేసిన కార్యవర్గ జాబితాలో ఏడుగురిదీ ఒకే ఇంటిపేరు. చిందు, ఒగ్గు, శారద కథ మొదలైన కళలన్నీ కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుకుకు, మేనమామ నుంచి మేనల్లుడికి వచ్చినవే. మిరాశీ గ్రామాలు, అంటే ఆడి ప్రతిఫలం పొందే వంశపారంపర్య హక్కున్న ఊళ్లు కూడా, ఆ కుటుంబాల మధ్యనే పంచుకోబడి ఉన్నాయి. గురు శిష్య పరంపర అంటే ఇంతకంటే నిఖార్సయినది ఎక్కడుంటుందని మీరు అడిగితే మా దగ్గర జవాబు లేదు. కానీ స్వచ్ఛంద సంస్థలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే చట్టం సంస్థ నిర్వాహకులకు, వారి బంధువులకు సంస్థ సొమ్ము చేరడాన్ని అనుమానంగానే చూస్తుంది. చేసిన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వడం తప్పు కాకపోయినా, అది తగినదేనని రుజువు చేసుకునే భారం మీ మీదే పడుతుంది. నగరంలో కార్యదర్శి, కోశాధికారి, సొంత గది ఉన్న సంస్థను మనసులో పెట్టుకుని ఈ నియమాలు రాశారని, ఊరూరా తిరిగే మేళాన్ని తలచుకుని రాయలేదని మా అభిప్రాయం. నియమం మారే దాకా ఆగలేరు కనుక, ఊరి ఉపాధ్యాయుడినో, విశ్రాంత ఉద్యోగినో, మీ కళను ప్రేమించే ఇంకో కుటుంబం వారినో కార్యవర్గంలోకి తీసుకోండి. పారితోషికం ఎవరికి ఎంతో సమావేశంలో తీర్మానించి మినిట్స్ పుస్తకంలో రాయండి. ఆ తీర్మానం మీద, డబ్బు తీసుకునే వ్యక్తి కాక మిగిలినవారు సంతకం చేయాలి.

మిగిలిన ఏడాదిన్నరను వృథా పోనివ్వకండి. సంఘం పేరిట బ్యాంకు ఖాతా, పాన్ కార్డు, స్వచ్ఛంద సంస్థలు పేరు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్‌లో నమోదు సంఖ్య తప్పనిసరి. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గ జాబితాను జిల్లా రిజిస్ట్రార్‌కు దాఖలు చేయడం చాలా సంఘాలు మరచిపోతాయి. వీటన్నిటికంటే ముఖ్యం ప్రదర్శనల రిజిస్టరు. ఏ తేదీన, ఏ ఊళ్లో, ఏ కథ ఆడారు, ఎంతమంది వేషం కట్టారు, ఏం ముట్టింది అన్నవి ప్రతి ఆటకూ రాయండి. మిరాశీ ఊళ్లో డబ్బుకు బదులు వడ్లు ఇస్తే, ఎన్ని కుంచాలో రాసి, ఆ నాటి ధర కట్టి ఆదాయంగా చూపండి. వీలైతే పంచాయతీ కార్యదర్శి చేత ఆట జరిగినట్లు ఒక కాగితం రాయించుకోండి. కర్ర కిరీటాలు, భుజకీర్తులు ఎన్ని ఉన్నాయో, ఏవి పాతవో, ఏవి మరమ్మతు చేయించారో మరో పుస్తకంలో ఎక్కించండి. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. మీ ఆటను అక్కడి వారికి చూపి, వారి పరిశీలన లేఖ సంపాదిస్తే కమిటీ ముందు దానికి విలువ ఉంటుంది. రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ గానీ, తెలంగాణ సభ్యత్వం ఉన్న నాగపూర్, తంజావూరు ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలు గానీ ప్రదర్శనకు పిలిస్తే ఆ ఆహ్వాన పత్రాన్ని జాగ్రత్త పెట్టండి.

ప్రశ్న: హనుమకొండలో మాది నాటక సమాజం. మూడు రోజుల నాటకోత్సవానికి రూ.4 లక్షల అంచనా పంపగా, కేంద్రం రూ.3 లక్షలు మంజూరు చేసి, మొదటి విడతగా రూ.2.25 లక్షలు ఇచ్చింది. రెండో విడత రూ.75 వేలు వస్తుందన్న ధైర్యంతో అప్పు చేసి ఉత్సవం పూర్తి చేశాము. ఖర్చు రూ.3.40 లక్షలకే ముగిసింది. నెలలు గడిచినా ఆ సొమ్ము రాలేదు. ఎక్కడ ఆగి ఉంటుంది?

సమాధానం: ఆగడం ఒక సంగతి, అసలు మీకు రావలసింది ఎంత అన్నది మరో సంగతి. పైన చెప్పిన ఈ ఉత్సవాల సాయం పథకంలో ప్రభుత్వం భరించేది మొత్తం వ్యయంలో 75 శాతం, మిగిలిన పాతిక శాతం సంస్థ తన సొంత వనరుల నుంచి పెట్టుకోవాలి. రూ.4 లక్షల అంచనాకు రూ.3 లక్షలు మంజూరు కావడానికి కారణం అదే. మీరు వాస్తవంగా ఖర్చు చేసింది రూ.3.40 లక్షలు కనుక, దానిలో 75 శాతం రూ.2.55 లక్షలు. ఇప్పటికే రూ.2.25 లక్షలు అందుకున్నారు. కాబట్టి లెక్కలన్నీ ఆమోదం పొందినా మీరు ఆశించవలసింది రూ.30 వేలే. పొదుపుగా నడిపినందుకు శిక్షలా అనిపిస్తుంది గానీ, గ్రాంటు మంజూరు పత్రం అంటే గరిష్ఠ పరిమితి మాత్రమేనని దరఖాస్తు నాడే గుర్తుంచుకోవాలి.

ఆలస్యానికి కారణం చాలావరకు వినియోగ ధ్రువపత్రంలోనే, అంటే గ్రాంటు మంజూరైన పనికే ఖర్చయిందని మీరిచ్చే పత్రంలోనే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలు 2017 ప్రకారం అది 12-ఎ నమూనాలోనే ఉండాలి, ఉత్తరం రూపంలో రాసిస్తే చెల్లదు. అందులో చూపిన అంకె, ఆడిట్ చేసిన ఖర్చుల పట్టికలోని అంకె, బ్యాంకు ఖాతాలో కదిలిన అంకె, ఈ మూడూ ఒకటి కాకపోతే ఫైలు అక్కడే ఆగిపోతుంది. మీ ఉత్తరంతో పంపిన నకళ్లలో మాకు కనిపించిన లోపం ఒకటుంది. లైటింగు, మైకు సెట్టు వారికి రూ.48 వేలు నగదుగా ఇచ్చి, తెల్లకాగితం మీద సంతకం తీసుకున్నారు. రూ.5,000 దాటిన రశీదుకు రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి, మీ రశీదుపై అది లేదు. పైగా డబ్బు తీసుకున్నవారి సంస్థ పేరు, చిరునామా, తేదీ కూడా లేవు. ఆ ఒక్క కాగితం తీసేస్తే మీ ఖర్చు రూ.2.92 లక్షలకు పడిపోతుంది, దానిలో 75 శాతం రూ.2.19 లక్షలు. అప్పుడు రెండో విడత రాకపోగా, దాదాపు రూ.6 వేలు మీరే వెనక్కి కట్టవలసి వస్తుంది. లైటింగు వారి దగ్గర సరైన బిల్లు తీసుకుని, ఆడిటరుకు చూపి, సవరించిన పట్టిక పంపండి. గ్రాంటు సొమ్ము ఖాతాలో ఉన్నన్నాళ్లు వచ్చిన వడ్డీని కూడా లెక్కలో చూపాలి, అది మీ సమాజానికి చెందదు. ఉత్సవం ఫోటోలు, కరపత్రం, వీడియో జత చేశారో లేదో చూసుకోండి.

హాలు అద్దె గురించి ఒక మాట. 2024 నవంబరులో కాళోజీ కళాక్షేత్రం ప్రారంభమైనప్పటి నుంచి వరంగల్ సమాజాలకు మంచి వేదిక దొరికిందన్న ఆనందం ఉంది. పెద్ద హాలులో ఆడినప్పుడు అద్దె, విద్యుత్తు, శుభ్రత ఖర్చులు కూడా పెద్దవిగానే ఉంటాయి గనుక, అంచనా వేసేటప్పుడు కొటేషన్ తీసుకోకుండా ఉజ్జాయింపుగా రాయకండి.

ప్రశ్న: కరీంనగర్ జిల్లాలో నా వయసు 66. యాభై ఏళ్లుగా ఒగ్గు కథ చెబుతున్నాను. నాకు సంఘం లేదు. నాకు ఏదైనా వస్తుందా?

సమాధానం: పైన చెప్పిన గ్రాంట్లు సంస్థలకే. మీకు సరిపోయేది వృద్ధ కళాకారుల సాయం. కేంద్ర పథకంలో 60 ఏళ్లు నిండినవారికి నెలకు గరిష్ఠంగా రూ.6,000 ఇస్తారు, ఆదాయ పరిమితి ఉంది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే కళాకారుల పింఛను వేరు. ముందు రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖకు దరఖాస్తు చేయండి. పాత కరపత్రాలు, పత్రికా కత్తిరింపులు, సన్మాన పత్రాలు ఏవి మిగిలి ఉన్నా పనికివస్తాయి.

ప్రశ్న: గోదావరిఖనిలో మా కళాసమితి ఏటా దసరాకు జానపద ఉత్సవం చేస్తుంది. ఢిల్లీ చుట్టూ తిరగడం కంటే, ఇక్కడి బొగ్గు, విద్యుత్ సంస్థల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధి అడగడం మేలు కదా?

సమాధానం: అడగడంలో తప్పు లేదు. ఆ నిధిని ఏయే పనులకు వాడవచ్చో చెప్పే, కంపెనీల చట్టంలోని ఏడవ షెడ్యూలులో సంప్రదాయ కళల పరిరక్షణ, అభివృద్ధి స్పష్టంగా ఉన్నాయి. తాము పనిచేస్తున్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం కంపెనీలకు చెబుతుంది. సింగరేణి, ఎన్టీపీసీ ఉన్న మీ ఊరికి ఇది అనుకూలమే. అయితే ఒక్కసారి జరిగి ముగిసిపోయే కార్యక్రమానికి, కంపెనీ పేరు బ్యానరు మీద కనపడడం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్పుకు ఇచ్చిన సొమ్ము ఆ బాధ్యత కింద లెక్కకు రాదు. దసరా ఉత్సవం అని అడిగితే, ఇవ్వాలని ఉన్న అధికారి కూడా ఆ పద్దు కింద ఇవ్వలేరు. అదే కార్మికుల కాలనీ పిల్లలకు ఏడాది పొడవునా డప్పు, కోలాటం, ఒగ్గు డోలు నేర్పే శిక్షణకు అడిగితే, ఆ పిల్లలే దసరాకు మీ వేదిక ఎక్కవచ్చు. దీనికి మీ సమితి కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వద్ద సీఎస్ఆర్-1 పత్రం ద్వారా నమోదై ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి అయింది. ఆ నమోదుకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఎ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (విరాళం ఇచ్చినవారికి పన్ను రాయితీ) గుర్తింపులు ముందే చేతిలో ఉండాలి, పైగా మూడేళ్లు పనిచేసిన దాఖలా చూపాలి. మీ ఉత్తరంలో ఈ గుర్తింపుల ప్రస్తావన లేదు గనుక, ఈ దసరాను చందాలతోనే నడుపుకుని, వచ్చే ఆర్థిక సంవత్సరానికి శిక్షణ ప్రతిపాదన సిద్ధం చేసుకోండి.